డాలరు గద్ద తోకలో ఎన్ని ఈకలు?

డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన మా బావమరిది మొన్న జేబులోంచి ఒక వెండి డాలరు తీసి నా చేతిలో పెట్టాడు. 1921 నాటిది. ఒకవైపు తలలో పత్తిపూలు, గోధుమ కంకులు తురుముకున్న లిబర్టీ ముఖం. మరోవైపు రెక్కలు విప్పిన గద్ద. గద్ద చుట్టూ ఉన్న ఆకుల దండ కింద రిబ్బను ముడి, ఆ ముడికి దిగువన ఆవగింజలో సగమంత ‘డి’ అక్షరం.

“బావా, ఆ డి చూడు. రెండుసార్లు కొట్టినట్టు లేదూ? ఇలాంటివాటికి అక్కడ మామూలు నాణెం కంటే ఎన్నో రెట్లు ఇస్తారట” అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. నిజమే, డి పక్కన ఇంకో డి నీడలా ఆనుకుని ఉంది. ఇద్దరం కాసేపు లక్షాధికారులమయ్యాం.

ముందు తూకం చూద్దామని వీధి చివర కంసాలి కొట్టుకెళ్లాం. కాటా 26.61 గ్రాములు చూపించింది. టంకశాల నుంచి బయటపడ్డ రోజున ఉండాల్సిన తూకం 26.73. అప్పటి అమెరికా చట్టం లెక్క 412.5 గ్రెయిన్లు. 1.5 గ్రెయిన్లు, అంటే 0.1 గ్రాము దాకా తేడాను టంకశాలే సర్దుకుపోయేది. వందేళ్లు పైబడ్డ నాణెం మరో పిసరు అరిగితే అనుమానించాల్సిన పనిలేదు. అడ్డుకొలత 38.1 మిల్లీమీటర్లు, అదీ సరిపోయింది. నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి. “రెండు తులాల అరవై ఆరు సార్. పైన లూపు అతికిస్తే మంచి డాలర్ అవుద్ది” అన్నాడు కంసాలి. తెలుగిళ్లలో డాలర్ అంటే గొలుసుకు వేలాడేదే కదా, అతని ఆలోచనలో తప్పేం లేదు. కాకపోతే పాత నాణేనికి ఒక్కసారి టంకం తగిలిందంటే, సేకరించేవాళ్ల దృష్టిలో అది నాణెం కాకుండా పోతుంది. దండం పెట్టి తిరిగొచ్చాం.

ఆ రెండో డి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే నాణెం సంగతి తర్వాత, ముందు దాన్ని కొట్టిన అచ్చు సంగతి తెలియాలి.

ఈ డాలరును మోర్గాన్ డాలరు అంటారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి 1876లో ఫిలడెల్ఫియా టంకశాలలో చేరిన జార్జ్ మోర్గాన్ చెక్కిన బొమ్మ ఇది. ముఖానికి నమూనాగా కూర్చున్న అమ్మాయి అదే ఊళ్లో బడిపంతులమ్మ, ఆనా విలెస్ విలియమ్స్. నెవడా గనుల నుంచి వరదలా వస్తున్న వెండికి గిరాకీ పుట్టించాలని, ప్రభుత్వం నెలకు 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలని కాంగ్రెస్ చట్టం చేసింది. అధ్యక్షుడు హేస్ కాదన్నాడు. 1878 ఫిబ్రవరి 28న, ఆయన తిప్పి పంపిన రోజే, ఉభయ సభలూ ఆ మాటను తోసేసి చట్టాన్ని నెగ్గించాయి. మార్చి 11న ఫిలడెల్ఫియాలో కొట్టిన తొలి కాసును తీసుకెళ్లి ఎవరికిచ్చారంటే, ఆ హేస్‌కే.

1878 నుంచి 1904 వరకు వాడకం కోసం ఏటా కొట్టారు. మళ్లీ 1921లో ఒక్క ఏడాది. అన్నీ కలిపి 65 కోట్లకు పైనే. ఏ ఊరి టంకశాలో చెప్పే గుర్తు రిబ్బను ముడి కింద ఉంటుంది. ఓ అంటే న్యూ ఆర్లీన్స్, ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, సీసీ అంటే నెవడాలోని కార్సన్ సిటీ. డి అంటే డెన్వర్, అది 1921లో మాత్రమే. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. మన రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద చుక్క గుర్తు, అదే నక్షత్రం, ఉంటే హైదరాబాద్ టంకశాల, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా అన్నట్టే. పెద్దింటివాళ్లకు బొట్టుతో పనిలేదన్న ధీమా రెండు దేశాల్లోనూ ఒకటే.

ఇక అచ్చు. బొమ్మకొకటి, బొరుసుకొకటి రెండు ఉక్కు దిమ్మెలు ఉంటాయి. మధ్యలో వెండి బిళ్ల పెట్టి మర ఒక్క దెబ్బ కొడితే రెండు ముఖాలూ పడతాయి. ఆ దిమ్మెలను డై అంటారు. డై మీద బొమ్మ గుంటగా, తిరగేసి ఉంటుంది. దాన్ని ప్రతిసారీ చేత్తో చెక్కరు. బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న మరో ఉక్కు కడ్డీ ఉంటుంది, దాని పేరు హబ్. హబ్‌ను మెత్తబరిచిన ఉక్కు మీద పెట్టి నొక్కితే డై తయారవుతుంది. మోర్గాన్ కాలంలో చిక్కేమిటంటే, ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగేది కాదు. ఒకసారి నొక్కగానే ఉక్కు బిగుసుకుపోతుంది. దాన్ని కొలిమిలో కాల్చి, మెత్తబరిచి, మళ్లీ అదే హబ్ కింద పెట్టి నొక్కాలి. రెండోసారి వెంట్రుక వాసి పక్కకు జరిగిందా, ఆ డై మీద బొమ్మ జంటగా పడినట్టే. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోని పాత సినిమా పోస్టర్లో హీరోకి రెండు మీసాలు కనిపిస్తాయే, అలాగన్నమాట.

పైగా సంవత్సరం అంకెలు, టంకశాల అక్షరం హబ్‌లో ఉండేవి కావు. డై తయారయ్యాక పనివాడు చిన్న పంచ్ పెట్టి సుత్తితో కొట్టేవాడు. ఒక దెబ్బ వంకరగా పడితే సరిచేసి మళ్లీ కొట్టేవాడు. పాత దెబ్బ ఆనవాలు పూర్తిగా చెరిగేది కాదు.

ఈ రెండు దారుల్లో ఏ దారిన వచ్చినా ఆ తప్పు డైలోనే ఉంది. కాబట్టి ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా, అది మొదటిదైనా లక్షోదైనా, అదే తప్పు అదే చోట ఉంటుంది. మిగతాదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఎన్ని డైలు ఉండి ఉంటాయి? నోటి లెక్క ఒకటి వేద్దాం. ఒక్కో డై లక్ష నాణేలు కొట్టి అరిగిందనుకుంటే 65 కోట్లకు వైపుకు 6,500 డైలు. రెండు లక్షలనుకుంటే 3,250. ఇలాంటి డైలను జతలుజతలుగా గుర్తుపట్టి, ఒక్కో జతకు నంబరు వేసిన మహానుభావులు ఇద్దరున్నారు: లీరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్. వీళ్ల తొలి పుస్తకం 1971లో వచ్చింది. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ నంబర్లను ‘వామ్’ అంటారు. తెలుగువాడికి వాము గుర్తొస్తే నా పూచీ లేదు. వాళ్లు మొదలుపెట్టిన జాబితా ఇప్పుడు 3,000 దాటింది. నంబరు ఎప్పుడూ సంవత్సరం, టంకశాలతో కలిపి చెప్పాలి. ఉట్టి ‘వామ్ 4’ అంటే ఏమీ చెప్పనట్టే. 1888 ఓ వామ్ 4 అంటే చెప్పినట్టు.

ఇప్పుడు తోక దగ్గరికి వద్దాం.

1878 మార్చిలో కొట్టిన మొదటి డాలర్లలో గద్ద తోకకు 8 ఈకలు. అంతకుముందు అమెరికా నాణేల మీద గద్ద తోక ఈకలు బేసి సంఖ్యలో ఉండేవి, సరిసంఖ్య నచ్చలేదు. బొమ్మ మరీ ఎత్తుగా ఉండి డైలు కూడా త్వరగా పాడైపోతున్నాయి. దాంతో ఈకలు 7కు తగ్గించి కొత్త హబ్ చేశారు. అప్పటికే 8 ఈకలతో సిద్ధంగా ఉన్న డైలు కొన్ని మిగిలాయి. వాటిని మళ్లీ మెత్తబరిచి, పైన 7 ఈకల హబ్ పెట్టి నొక్కేశారు. కొత్త తోక కింద పాత తోక దాక్కుంటుందనుకున్నారేమో, దాక్కోలేదు.

భూతద్దంలో చూస్తే ఆ దృశ్యం ముచ్చటగా ఉంటుంది. ఏడు ఈకలు నున్నగా, పూర్తిగా కిందికి దిగి ఉంటాయి. వాటి కొసల కింద, మధ్య మధ్యన, సన్నటి మొనలు బయటికి పొడుచుకొస్తాయి. కొత్త చీర అంచు కింద పాత లంగా కుచ్చిళ్లు కనిపించినట్టు. ఆ మొనలు ఒక్కో డై మీద ఒక్కో లెక్క: ఒకదాని మీద మూడు, ఇంకోదాని మీద నాలుగు, మరోదాని మీద ఐదు, ఇంకోదాని మీద ఏడు. వీటిని ‘8 మీద 7’ రకం అంటారు. వామ్ పట్టికలో ఇవి 30 నుంచి 45 మధ్య నంబర్లలో కనిపిస్తాయి. వాటిలో వామ్ 44 అంటే సేకరణదారులు కళ్లకద్దుకుంటారు. దానికి బొరుసు వైపు తోకే కాదు, బొమ్మ వైపు లిబర్టీ జడలోని పత్తిపూలు కూడా మూడేసి గీతలుగా ఉంటాయి.

ఆ ఏడాది ఫిలడెల్ఫియా కొట్టినవి 1,05,08,800. అందులో 8 ఈకలవి 7,49,500, నూటికి ఏడు. మిగతా 97,59,300 ఏడు ఈకలవి, ‘8 మీద 7’ కూడా వాటిలోనే కలిసి ఉన్నాయి. ఇక్కడితో అయిపోలేదు. ఏడు ఈకల్లోనూ రెండు రకాలు. గద్ద ఎడమ కాలిగోళ్లలో, అంటే మనం చూస్తున్నప్పుడు కుడివైపు కాలిలో, బాణాల కట్ట ఉంటుంది. అన్నింటికంటే పైనున్న బాణం ఈక బాణానికి సమాంతరంగా ఉంటే అది 1878 నమూనా. ఏటవాలుగా ఉంటే 1879 నమూనా. మొదటి రకానికి గద్ద రొమ్ము చదును, రెండో రకానికి గుండ్రం. తర్వాతి సంవత్సరాల నాణేల మీద కూడా అక్కడక్కడా పాత రకం బొరుసు తగులుతుంది. 1879 ఎస్, 1880 సీసీ అలాంటివే. నా మట్టుకు నాకు వేలాది వామ్ నంబర్లు బట్టీ పట్టడం కంటే ఈ బాణం ఈక ఒక్కటి గుర్తుపెట్టుకోవడం ఎక్కువ లాభం అనిపిస్తుంది. దీనికి గొప్ప భూతద్దం కూడా అక్కర్లేదు.

సుత్తి దెబ్బల కథలు ఇంకా సరదాగా ఉంటాయి. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లో ఆగిపోయింది. వాడని డైలు మిగిలాయి. ఉక్కు ఊరికే రాదుగా, ‘సీసీ’ మీద ‘ఓ’ కొట్టి న్యూ ఆర్లీన్స్‌కు పంపారు. 1900 ఓ డాలర్లలో కొన్నింటి మీద ఓ అక్షరానికి అటూ ఇటూ రెండు సి అక్షరాల వంపులు తొంగిచూస్తాయి. వామ్ 7 నుంచి 12 దాకా ఇవే. 1882లో ఎస్ మీద ఓ కొట్టారు. ఓ అక్షరం కడుపులో ఎస్ మెలిక కనిపిస్తుంది. 1880 డాలర్లలో కొన్నింటి 80 అంకెల లోపల 79 అంకెల ముక్కలు మిగిలాయి, 1887లో 7 కింద 6 వంపు.

హబ్ పక్కకు జరగడం వల్ల వచ్చిన జంటల్లో అందరికీ తెలిసినది 1888 ఓ వామ్ 4. లిబర్టీ పెదవులు, ముక్కు, గడ్డం రెండేసి ఉంటాయి. కంటికే కనిపిస్తుంది. అమెరికావాళ్లు దాన్ని ‘హాట్ లిప్స్’ అని ముద్దుగా పిలుస్తారు. ఆ ఏడాది న్యూ ఆర్లీన్స్ కోటీ 21 లక్షల 50 వేలు కొట్టింది. అందులో ఈ పెదవులవి దొరికేవి దాదాపు అన్నీ బాగా అరిగినవే. బొరుసు వైపు అంత గొప్పది 1901 ఫిలడెల్ఫియా వామ్ 3. గద్ద తోక ఈకలు, బాణాలు, ఆలివ్ కొమ్మ మొత్తం పక్కకు జరిగిన రెండో పొరతో ఉంటాయి. దానిపేరు ‘జరిగిన గద్ద’.

ఇలాంటివి విని విని కళ్లు చెదిరినవాళ్లకే మా ఇంటి ‘డి’ లాంటివి తగులుతాయి.

ఎందుకంటే డైకి సంబంధం లేని జంట కూడా ఒకటుంది. మరలో డై కాస్త వదులుగా ఉందనుకోండి. దెబ్బ పడుతుంది, అక్షరం చక్కగా ఉబ్బుతుంది. డై పైకి లేచే క్షణంలో చిన్నగా కదులుతుంది, అప్పుడే ఉబ్బిన మెత్తటి వెండి అక్షరాన్ని ఒక పక్క నుంచి అదిమేస్తుంది. ఆఫీసులో గుమాస్తా రబ్బరు స్టాంపు వేసి, తీసేటప్పుడు చెయ్యి ఒణికితే ముద్ర అలుక్కుంటుంది కదా, అదీ సంగతి. స్టాంపు బాగానే ఉంది, ముద్రే చెడింది. తర్వాతి కాగితం మీద ఆ అలుకు ఉండాలని లేదు. అలాంటి నాణేనికి మామూలు ధరే, పైసా ఎక్కువ రాదు.

తేడా పట్టడానికి చూడాల్సింది అక్షరం లావు. డైలో జంట ఉంటే రెండు ముద్రలూ ఉబ్బెత్తుగానే ఉంటాయి, రెంటికీ పైభాగం గుండ్రంగా ఉంటుంది, అక్షరం మొత్తమ్మీద ఉండాల్సిన దానికంటే లావవుతుంది. అక్షరాల కొసల్లో చిన్న అడ్డగీతలు ఉంటాయి కదా, ఆ మూలల్లో చేప తోకలా చీలిక కనిపిస్తుంది. మర కుదుపు వల్ల వచ్చిన దాంట్లో కొత్తగా ఏమీ చేరదు, ఉన్నదే అణగుతుంది. కాబట్టి అక్షరం సన్నబడుతుంది. పక్కనున్న ‘రెండో గీత’ మెట్టులా చదునుగా, నాణెం నేలకు దగ్గరగా, తళతళలాడుతూ ఉంటుంది. మూలల్లో చీలిక ఉండదు. మూడో రకం ఒకటుంది: డై బాగా అరిగిపోయాక అక్షరాల చుట్టూ నీరు పట్టినట్టు ఉబ్బు వస్తుంది. దానికీ విలువ లేదు.

భూతద్దం 5 నుంచి 10 రెట్లు చూపేది చాలు. అంతకంటే పెద్దది పెడితే ప్రతి గీతా వింతగానే కనిపిస్తుంది, మనిషి చెడిపోతాడు. టేబుల్ లైటు ఒక పక్కన పెట్టి, నాణేన్ని అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ చూడాలి. వెలుగు ఒక్క వైపు నుంచే పడినప్పుడు నీడ కూడా రెండో గీతలాగే కనిపించి మోసం చేస్తుంది. తిప్పితే నీడ జరుగుతుంది, గీత జరగదు. ముఖం మీద వేలు పెట్టకూడదు. చింతపండుతో తోమడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

డై ఆనవాళ్లు డబ్బు కోసమే కాదు, దొంగను పట్టడానికీ పనికొస్తాయి. శాన్ ఫ్రాన్సిస్కో 1893లో కొట్టింది సరిగ్గా 1,00,000 డాలర్లు. మోర్గాన్ డాలర్లలో వాడకానికి కొట్టి, ఇప్పటికీ దొరికేవాటిలో ఇంత తక్కువ మరెక్కడా లేదు. అందుకే 1893 ఫిలడెల్ఫియా నాణెం మీద ఎస్ అతికించో, 1898 ఎస్ మీద అంకె మార్చో అమ్మే ఘనులు ఎప్పుడూ ఉన్నారు. అయితే ఆ లక్ష నాణేల బొమ్మ వైపు వాడింది ఒకే ఒక్క డై. దాని మీద లిబర్టీ అనే మాటలో టి అక్షరం నెత్తిన చిన్న ఉబ్బుగీత ఏటవాలుగా ఉంటుంది. ఆర్ అక్షరం ఎడమ కాలి దగ్గర మరో చిన్న గీత. అసలు నాణెమైతే అవి ఉండి తీరాలి, మరీ అరిగిపోయి ఉంటే తప్ప. ఎస్ ఎంత అందంగా అతికించినా టి మీద గీత లేకపోతే ఆట కట్టు.

ఇంకో కథలో పట్టుబడింది నాణెం కాదు, పట్టికే. 1899లో న్యూ ఆర్లీన్స్ డాలర్లలో కొన్నింటి మీద ఓ అక్షరం మామూలు కంటే బాగా చిన్నది, పావలా డాలరు కోసం చేసిన పంచ్ అది. అవి అసలైనవే. అలాంటి చిన్న ఓ ఉన్న డాలర్లు 1896, 1900, 1902 తారీఖులతో కూడా దొరికాయి. వాటికి వామ్ నంబర్లు ఇచ్చారు, అరుదైనవని ఎక్కువ డబ్బు పోసి కొన్నారు. 2005లో గుట్టు బయటపడింది. ఆ మూడు సంవత్సరాల నాణేలకూ బొరుసు డై ఒక్కటే. ఆరేళ్ల తేడాతో, ఇన్ని లక్షల నాణేలు కొట్టే టంకశాలలో అది జరిగే పనికాదు. అవన్నీ ఆ కాలంలోనే ఎవరో చాటుగా కొట్టిన దొంగ డాలర్లు. వింతేమిటంటే వాటిలో ఉన్నదీ వెండే. అప్పట్లో వెండి ధర ఎంత పడిపోయిందంటే డాలరు బిళ్లలో ఉన్న వెండి 50 సెంట్లు కూడా చేసేది కాదు. అసలు వెండితో దొంగ డాలరు కొట్టినా రెట్టింపు లాభం. తూకం సరే, లోహం సరే, మోగితే గలగలా సరే. పట్టిచ్చింది డై ఒక్కటే.

ఇంత తిప్పలు ఎందుకు, టంకశాల లెక్కలు చూస్తే ఏది అరుదో తెలిసిపోదా అని మా బావమరిదికి వచ్చిన అనుమానం న్యాయమైనదే. తెలియదు. ఎందుకు తెలియదో చెప్పే కథలో మనమూ ఉన్నాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి బ్రిటన్‌కు సరుకు విపరీతంగా వెళ్లింది. దానికి చెల్లింపులు రూపాయల్లో జరగాలి, రూపాయంటే అప్పట్లో వెండి. 1917 నవంబరులో ఒక రూపాయి కాగితం నోటు వచ్చింది, ఆ తర్వాత రెండున్నర రూపాయల నోటు. జనానికి కాగితం మీద నమ్మకం లేదు. నోటిచ్చి వెండి అడగడానికి 1918లో బొంబాయిలో బారులు తీరారు. సర్కారు ఖజానాలో వెండి అడుగంటింది. బ్రిటన్ అమెరికాను అడిగింది. అక్కడ ఖజానా గదుల్లో ఎవరూ వాడని మోర్గాన్ డాలర్లు సంచుల్లో మూలుగుతున్నాయి. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం వచ్చింది. కరిగించిన డాలర్లు 27,02,32,722. అందులో 1,11,11,168 అమెరికా చిల్లర నాణేలకు వాడుకున్నారు. మిగిలిన 25,91,21,554 డాలర్ల వెండి భారతదేశం కోసం బ్రిటన్‌కు అమ్మారు, శుద్ధమైన వెండి ఔన్సు ఒక డాలరు చొప్పున.

ఇక్కడ ఒక చిన్న లెక్క నాకు భలే నచ్చింది. డాలరులో శుద్ధ వెండి 371.25 గ్రెయిన్లు. బ్రిటిష్ రూపాయి ఒక తులం, 180 గ్రెయిన్లు. అందులో పన్నెండో వంతు కల్తీ పోగా వెండి 165 గ్రెయిన్లు. భాగించి చూడండి, సరిగ్గా 2.25. ఒక డాలరు కరిగిస్తే రెండుంబావు రూపాయలు. ఆ 25.9 కోట్ల డాలర్ల వెండి 6,200 టన్నులు దాటుతుంది. అంతా రూపాయలుగానే కొడితే 58 కోట్లు. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే జార్జి బొమ్మ వెండి రూపాయి మీ ఇంట్లో ఉంటే తారీఖు చూడండి. 1918 అనో 1919 అనో ఉంటే అందులో ఫిలడెల్ఫియా పంతులమ్మ కాస్త కరిగి ఉండొచ్చు. నిజాం రాజ్యంలో చెల్లింది సొంత టంకశాల హాలీ సిక్కా, కాబట్టి తెలంగాణ ఇళ్లలో ఈ జార్జి రూపాయిని కల్దార్ అని వేరుగా పిలిచేవారు.

అసలు విషయానికొస్తే, ఏ సంవత్సరానివి, ఏ టంకశాలవి ఎన్ని కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. సంచులు విప్పారు, మూసలో పోశారు. కొట్టిన లెక్క ఉంది, మిగిలిన లెక్క లేదు. 1895 ఫిలడెల్ఫియా లెక్కల పుస్తకంలో వాడకానికి 12,000 డాలర్లు కొట్టినట్టు ఉంది. ఇప్పటిదాకా ఒక్కటీ కనిపించలేదు. ఆ ఏటివి దొరికేదల్లా సేకరించేవాళ్ల కోసం మెరుగుపెట్టి కొట్టిన 880లోవే. దీనికి తిరగబడ్డ ఉదాహరణ 1903 ఓ. పుస్తకంలో 44,50,000 ఉన్నా బజార్లో కొత్త నాణెం దొరికేదే కాదు, కరిగిపోయాయనుకున్నారు, 1,500 డాలర్ల దాకా పలికింది. 1962 చివర్లో ఖజానా నుంచి సీలు వేసిన సంచులు బయటికొచ్చాయి. వాటి నిండా 1903 ఓ డాలర్లే. పదిహేను వందలు పోసి కొన్నవాళ్ల ముఖాలు ఊహించుకోవచ్చు. కార్సన్ సిటీ డాలర్ల సంచులు కూడా ఖజానాలోనే మిగిలితే, 1972 నుంచి 1980 మధ్య ప్రభుత్వమే వాటిని డబ్బాల్లో పెట్టి వేలానికి పెట్టింది. అరగని నాణేలు అలా కుప్పలుగా బయటపడబట్టే డై గీతలు ఇంత వివరంగా చూడగలిగారు.

రాత్రి భోజనాలయ్యాక టేబుల్ లైటు కింద పెట్టి ఆ డిని మళ్లీ చూశాం. రెండో డి మెట్టులా చదునుగా, నేలకు ఆనుకుని మెరుస్తోంది. అసలు డి ఉండాల్సిన దానికంటే సన్నగా ఉంది. మర కుదుపు. డెన్వర్‌లో ఆ ఏడాది కొట్టిన 2,03,45,000 డాలర్లలో ఇదొకటి, అంతే. “పోనీలే బావా, లూపు పెట్టించి చెల్లికిద్దాం” అన్నాడు.

తిప్పుతుంటే ఇంకోటి కంటబడింది. గద్ద రెక్క కొస నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత. గీటు అనుకున్నాను. గుండుసూది మొనతో కాదు, గోటితో అంచు వైపు చాలా నెమ్మదిగా తాకి చూశాను. గీటైతే లోపలికి దిగాలి. ఇది పైకి లేచి ఉంది. అంటే డై అక్కడ పగులు వారింది, ఆ పగుల్లోకి వెండి ఉబికింది. అదే పగులు అదే చోట ఇంకో 1921 డి డాలరు మీద ఎక్కడో ఉండే ఉంటుంది. బావమరిది ఫోనులో ఫొటోలు తీసుకుని, లూపు సంగతి మళ్లీ ఎత్తలేదు.